శుక్రవారం గీసిన కార్డు

శుక్రవారం దీపాలు పెట్టాక ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వడానికి మా అమ్మ ఒప్పుకునేది కాదు. పాలబాకీ అయినా సరే, శనివారం పొద్దున రమ్మనేది. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగంలో చేరి సేవింగ్స్ కౌంటర్లో కూర్చున్నాక ఆ నియమం మా ఒక్క ఇంటిది కాదని తెలిసింది. శుక్రవారం డబ్బు వేసేవాళ్లు ఎక్కువ, తీసేవాళ్లు తక్కువ. కొత్త పాస్‌బుక్కు చేతికివ్వగానే కళ్లకద్దుకునేవారు. కొందరి పాస్‌బుక్కు అట్ట మీద పసుపు బొట్టు ఉండేది. పూజలో పెట్టి తెచ్చారన్నమాట. దాచిన డబ్బు లక్ష్మి అని మనవాళ్లు మాటవరసకు అనరు, నిజంగానే అలా చూస్తారు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనకోడలికి కూడా ఆ పట్టింపు ఉంది. మొన్న వేసవి సెలవులకు వచ్చినప్పుడు అడిగింది: "అత్తయ్యా, శుక్రవారం నేను ఫోన్‌పే చెయ్యను. సరుకులైనా, పెట్రోలైనా క్రెడిట్ కార్డే గీస్తాను. కార్డు గీస్తే మన డబ్బు కదలదు కదా. అప్పుడు లక్ష్మి బయటికి వెళ్లినట్టు కాదు కదా?"

ఆ పిల్ల తెలుసుకోవాలనే అడిగింది. నేనూ తేలిగ్గా తీసుకోలేదు. ఇంకా చేతికి రాని జీతాన్ని ఈ రోజే ఖర్చు పెట్టినప్పుడు ఇల్లు దాటేది ఏమిటి? దాచాం అనుకున్నది నిజంగా మన దగ్గరే ఉందా? అప్పు చేసి బతకడం తప్పా, కాదా? ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. శాస్త్రం ఏమంటుందో చూసే ముందు బ్యాంకులో ఏం జరుగుతుందో చెప్పాలి. అది తెలియకుండా ధర్మం గురించి మాట్లాడితే గాల్లో మాట్లాడినట్టే అవుతుంది.

సేవింగ్స్ ఖాతాలో వేసిన డబ్బు మన పేరున ఒక అరలో భద్రంగా కూర్చుని ఉండదు. క్యాషియరు లెక్కపెట్టి లోపల పెట్టుకున్న క్షణం నుంచి అది బ్యాంకు మనకు పడ్డ బాకీ. బ్యాంకు బ్యాలెన్స్ షీట్లో డిపాజిట్లన్నీ అప్పుల వైపే రాస్తారు. అందులో కొంత రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి, కొంత ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి. మిగిలింది పంట రుణంగా ఒక రైతుకు, ఇంటి రుణంగా ఒక మాస్టారుకు, కార్డు బాకీగా ఎక్కడో ఒక కుర్రాడికి వెళ్తుంది. మా అమ్మ శుక్రవారం ఆపిన డబ్బు సోమవారం నా కౌంటర్లో పడితే, ఆ వారంలోనే ఊరు దాటిపోయి ఉండొచ్చు. కాబట్టి మొదటి సంగతి ఇది: దాచిన లక్ష్మి కూడా ఇంట్లో లేదు. ఆమె తిరుగుతూనే ఉంది. మన దగ్గర ఉన్నది ఆమె తిరిగి వస్తుందన్న మాట మాత్రమే. ఆ మాటకు కూడా ఒక హద్దు ఉంది. బ్యాంకు మునిగిపోతే డిపాజిట్ బీమా కింద ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే హామీ. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే.

వడ్డీ సంగతి చెబితే ఈ కాలం పిల్లలు ఆశ్చర్యపోతారు. 2010 మార్చి దాకా, నెలలో పదో తారీఖు నుంచి ఆఖరి రోజు వరకు ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీదే ఆ నెల వడ్డీ లెక్క. పదకొండో తారీఖున లక్ష వేసినా ఆ నెలకు దాని మీద పైసా రాదు. అందుకని పదో తారీఖున మా బ్రాంచి జాతరలా ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద లెక్క కట్టడం మొదలైంది. రేటు మాత్రం 2003 నుంచి 2011 దాకా అన్ని బ్యాంకుల్లోనూ ఒకటే, ఏడాదికి మూడున్నర శాతం. ఇప్పుడు బ్యాంకులు తమ ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు. పెద్ద బ్యాంకుల్లో రెండున్నర దగ్గర ఉంది.

ఆ మూడున్నర గుర్తుపెట్టుకోండి. మా మేనకోడలి కార్డు మీద వడ్డీ కూడా మూడున్నరే. కాకపోతే అది నెలకు.

కార్డు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దేశంలో మొదట ఇచ్చిన బ్యాంకుల్లో అదొకటి. అప్పట్లో కార్డును ఇనప మిషన్లో పెట్టి, కార్బన్ కాగితం మీద అచ్చు పడేలా లాగేవారు. అప్పుడూ ఇప్పుడూ లోపల జరిగేది ఒకటే. కార్డు గీయగానే బ్యాంకు తన డబ్బు కొట్టువాడికి ఇస్తుంది. ఇచ్చేటప్పుడు నూటికి రెండు రూపాయల దాకా కోత పడుతుంది. ఆ కోత బ్యాంకులూ, కార్డు నెట్‌వర్కూ పంచుకుంటాయి. మనం బిల్లు గడువు లోపల కట్టేస్తే, కొన్న తేదీని బట్టి ఇరవై రోజుల నుంచి యాభై రోజుల దాకా అది వడ్డీ లేని చేబదులు. అంతవరకు కార్డులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పక్కింటి పిన్నిగారి దగ్గర వంద రూపాయలు తీసుకుని జీతం రాగానే ఇచ్చెయ్యడం లాంటిదే అది.

బిల్లు పూర్తిగా కట్టకపోతే ఆ చేబదులు గుణం మొత్తం పోతుంది. కొంత కట్టి కొంత ఉంచితే, గడువు దాటిన రోజు నుంచి కాదు, వస్తువు కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా గడువు ఉండదు, గీసిన రోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే ఫీజు వేరు, వడ్డీ ఆ రోజు నుంచే. వడ్డీ మీద, ఫీజు మీద 18 శాతం జీఎస్టీ.

మా మేనకోడలు తన ఫోన్లో బిల్లు తెరిచి చూపించింది. పైన పెద్ద అక్షరాలతో మొత్తం బాకీ, దాని పక్కనే కనీసం కట్టాల్సిన మొత్తం. ఆమె చాలా నెలలుగా ఆ రెండోదే కడుతోంది. లెక్క సులువుగా ఉండడానికి బాకీ సరిగ్గా యాభై వేలు అనుకుందాం. ఆమె కార్డులో కనీసం అంటే ఐదు శాతం, 2,500. నెల వడ్డీ 1,750. దాని మీద జీఎస్టీ 315. రెండూ కలిపి 2,065. కట్టిన 2,500 లోంచి అవి తీసేస్తే అసలులో తగ్గింది 435 రూపాయలు. అది కూడా ఆ నెల కొత్తగా ఏమీ కొనకపోతేనే. ఇలా కనీసమే కడుతూ పోతే తీరడానికి ఏళ్లు పడుతుందని బిల్లు మీద రాయాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఆమె బిల్లు మీదా రాసి ఉంది. వేలితో జరిపి జరిపి కిందికి వెళ్తే కనిపించింది.

"మరి నీ సేవింగ్స్‌లో ఎంత ఉంది?" అన్నాను.

"లక్షా పదివేలుంది అత్తయ్యా. అది ముట్టుకోను. మా పాప పేరు చెప్పుకుని దాచింది. దాచింది తియ్యకూడదని నాన్నమ్మ అనేది కదా."

రెండున్నర చొప్పున ఆ లక్షా పదివేలు ఏడాదికి ఇచ్చేది 2,750. కార్డు నెలన్నరలో తినేసేది అంతకన్నా ఎక్కువ. ఇలాంటి వాళ్లను నేను చాలామందిని చూశాను. ఒక చేత్తో లక్ష్మిని పూజగదిలో పెట్టి తలుపు వేసుకుంటారు, రెండో చేత్తో నూటికి మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు మోస్తారు. మన పల్లెల్లో రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అంటారు. రెండు రూపాయలంటే గట్టి వడ్డీ. మూడున్నర రూపాయలకు ఎవరైనా అప్పు ఇస్తే, ఆ మనిషి పేరు పొద్దున్నే తలుచుకోవడానికి కూడా జనం ఇష్టపడరు. అదే రేటు ఒక ఇంగ్లీషు కాగితంలో దశాంశాలతో కనిపిస్తే ఎవరికీ తగలడం లేదు.

ఇప్పుడు శాస్త్రం సంగతి.

అప్పు పాపమని మన సంప్రదాయం ఎక్కడా అనలేదు. పైగా మనిషి పుట్టడమే అప్పుతో అంటుంది. తైత్తిరీయ సంహితలో ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు పడ్డ మూడు ఋణాల మాట ఉంది. అక్కడ ఆ మాట బ్రాహ్మణుడి గురించే. శతపథ బ్రాహ్మణం దాన్ని పుట్టిన ప్రతివాడికీ వర్తింపజేసి, నాలుగో ఋణం ఒకటి చేర్చింది: తోటి మనుషులకు పడ్డ ఋణం. ఇంటికొచ్చినవాడికి చోటిచ్చి, అన్నం పెట్టి అది తీర్చాలి. నాకు ఈ నాలుగోదే అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. ఎవరు మనకు ఎప్పుడు ఏమిచ్చారో లెక్క లేదు, అయినా బాకీ ఉన్నామని ఒప్పుకోవడం అది.

ఇంకోవైపు, భారతంలో యక్షుడు సుఖంగా ఉండేవాడెవరని అడిగితే ధర్మరాజు ఇచ్చిన జవాబు మీకు గుర్తుండే ఉంటుంది. ఉన్న ఊళ్లో, సొంత ఇంట్లో, అప్పు లేకుండా కాస్త ఆకుకూర వండుకు తినేవాడే సుఖి అంటాడు. పుట్టుకే అప్పు అని వేదం, అప్పు లేనివాడే సుఖి అని భారతం. ఈ రెండూ ఎలా కుదురుతాయని చాలాకాలం ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను. వేదం చెప్పిన ప్రతి ఋణానికీ తీర్చే దారి కూడా అక్కడే చెప్పింది. ఋషుల ఋణం చదువుతో, దేవతల ఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో, మనుషుల ఋణం ఆతిథ్యంతో. తీరే దారి లేని అప్పు ఒక్కటి కూడా ఆ జాబితాలో లేదు. ధర్మరాజు వద్దన్నది మనిషిని తన ఇంట్లో తనను నిశ్చింతగా తిననివ్వని బాకీని. అందుకే కార్డు మీద నా అభ్యంతరం అది అప్పు కావడం గురించి కాదు. తీరకుండా ఉంటేనే లాభం వచ్చేలా దాన్ని అమర్చడం గురించి. కనీసం కట్టండి చాలు అన్న ఆ గడి, అప్పును తీర్చే దారిలా కనిపిస్తూ తీరకుండా ఉంచే దారి.

ఇది పాతవాళ్లకు తెలియని సంగతేమీ కాదు. మనుస్మృతిలో వసిష్ఠుడి పేరున చెప్పిన వడ్డీ, వ్యాఖ్యాతల ప్రకారం తాకట్టు పెట్టిన అప్పుకు, నెలకు ఎనభయ్యో వంతు, అంటే నూటికి రూపాయింపావలా. తాకట్టు లేకపోతే రెండు. ఆ తర్వాత అదే గ్రంథం కులాన్ని బట్టి రెండు నుంచి ఐదు దాకా పెంచుతూ పోయింది. కింద ఉన్నవాడి దగ్గర ఎక్కువ గుంజమని చెప్పే ఆ శ్లోకాన్ని నేను ధర్మమని ఒప్పుకోను. పేరేదైనా, ఈ రోజూ తాకట్టు పెట్టడానికి బంగారమో భూమో ఉన్నవాడికి వడ్డీ తక్కువ, ఏమీ లేనివాడికి ఎక్కువ. ఆ అన్యాయం పోలేదు. కానీ అక్కడే ఒక మంచి కట్టుబాటు కూడా ఉంది. వడ్డీ ఎంత పెరిగినా, ఒకేసారి వసూలు చేసేటప్పుడు అసలుతో కలిపి అసలుకు రెట్టింపు దాటకూడదు. అప్పుకు ఒక కప్పు ఉండాలని, అది దాటితే ఇచ్చినవాడి హక్కు ఆగిపోతుందని ఒప్పుకున్నారు. మన కాలంలో 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కార్డుల మీద ఏడాదికి 30 శాతం దాటిన వడ్డీ అన్యాయమని చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రేట్లు చూసుకోవాల్సింది రిజర్వు బ్యాంకని, ఖాతాదారులకు ముందే చెప్పి వసూలు చేస్తున్నారని కోర్టు ఆలోచన. చట్టం లెక్కన అది సబబు కావచ్చు. ముందే చెప్పాం కాబట్టి ఎంతైనా తీసుకోవచ్చన్నది మాత్రం నా మనసుకు ధర్మంగా తోచదు.

ఈ మాటలన్నీ విని మా మేనకోడలు ఒక గట్టి మాటే అంది. "వెంకటేశ్వరస్వామి కూడా కుబేరుడికి వడ్డీ మాత్రమే కడుతున్నాడు కదా అత్తయ్యా! అసలు కలియుగం ఆఖరుకు కదా!"

పద్మావతీదేవితో పెళ్లి ఖర్చులకు స్వామి కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, అందుకే వడ్డికాసులవాడయ్యాడనీ మన ఇళ్లలో అందరం వింటూ పెరిగిన కథ. ఆ కథను నేను నమ్ముతాను. అందుకే దాన్ని అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చదు. ఆ అప్పుకు పత్రం ఉంది. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికి తెలుసు. అసలు తీర్చే గడువు, ఎంత దూరమైనా, మొదటిరోజే చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యం, స్వామి ఆ అప్పును ఒంటరిగా మోయడం లేదు. కొండెక్కిన ప్రతివాడూ హుండీలో తన రూపాయి వేసి స్వామి బాకీలో చెయ్యి వేస్తున్నాడు. దాచకుండా ఊరందరికీ చెప్పిన అప్పు అది. మా మేనకోడలి బాకీ సంగతి ఆమె భర్తకు కూడా పూర్తిగా తెలియదు.

"అబ్బాయికి ఈ రాత్రే చెప్పు," అన్నాను. "తర్వాత ఆ లక్షా పదివేల లోంచి యాభై వేలు తీసి కట్టెయ్యి. అది లక్ష్మిని బయటికి పంపడం కాదమ్మా. నెలనెలా రెండేసి వేలు వెళ్లిపోతున్న తలుపు మూయడం." ఫోన్లో చెయ్యడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. మొగుడితో చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

ఇక్కడితో అయిపోతే ఇదంతా అప్పు చేసేవాళ్లకు పొదుపు చేసేవాళ్లు చెప్పే బుద్ధి అవుతుంది. మా కాలంవాళ్లం ఆ పని ఇష్టంగా చేస్తాం. కానీ నా మనసులో ముల్లులా ఉన్నది పొదుపు వైపే. నా పెన్షన్ పడే ఖాతాకు మూడు నెలలకోసారి వడ్డీ పడుతుంది. ఆ వడ్డీ ఎక్కడినుంచి వస్తుంది? అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి. అందులో నెలకు మూడున్నర కట్టినవాళ్లు కూడా ఉన్నారు. నాకూ ఒక కార్డు ఉంది. గడువు లోపల పూర్తిగా కడతాను, దానికి పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లు కొట్టువాడి కోతలోంచి, కనీసమే కట్టి మిగిలినవాళ్ల వడ్డీలోంచి వచ్చినవి. నేను ఎవరికీ వడ్డీకి ఇవ్వలేదు, ఎవరినీ పీడించలేదు. అయినా మూడు నెలలకోసారి ఎవరి చెమటో నా ఖాతాలో చేరుతోంది. మధ్యలో బ్యాంకు ఉంది కాబట్టి ఆ చెయ్యి నాది కాదని అనుకోవచ్చా? కర్మ సిద్ధాంతాన్ని నమ్మేదాన్ని, అలా అనుకోలేను. చెయ్యి మారినంత మాత్రాన ఫలం ఆగిపోతుందని ఏ శాస్త్రంలోనూ చదవలేదు.

ఈ విషయంలో నాకు దారి చూపింది మా కౌంటరుకు వచ్చే ఒక ఖాతాదారు. బట్టల కొట్టు యజమాని, ముస్లిం. ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కాబట్టి ఖాతాలో వడ్డీ పడ్డ ప్రతిసారీ ఎంత పడిందో అడిగి, సరిగ్గా అంతే తీసి, పేదవాళ్లకు ఇచ్చేవారు. మంచి దానం చేస్తున్నారండీ అని ఒకసారి అన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పి, "ఇది దానం కాదమ్మా, దీనికి పుణ్యం అడగకూడదు. నాది కానిది నా దగ్గర ఉంచుకోకుండా పంపేస్తున్నాను, అంతే," అన్నారు. ఎన్నో ప్రవచనాలు విన్నాను కానీ, డబ్బు గురించి అంత స్పష్టమైన మాట వినలేదు.

రిటైరయ్యాక నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. సేవింగ్స్ వడ్డీ పడగానే దాన్ని విడిగా తీసి పెడతాను. మా వీధి చివర పూలమ్మే ఆవిడ డైలీ ఫైనాన్స్ వాళ్ల దగ్గర పొద్దున తొమ్మిది వందలు తీసుకుని సాయంత్రానికి వెయ్యి కట్టేది. ఇప్పుడు ఆ పొద్దుటి తొమ్మిది వందలు నా దగ్గర తీసుకుంటుంది, సాయంత్రం ఆ తొమ్మిది వందలే ఇస్తుంది. శ్రావణమాసంలో ఎక్కువ కావాలంటుంది, ఉన్నంత ఇస్తాను. కార్డు పాయింట్లతో వచ్చే సామాను కూడా నేను ఉంచుకోవడం లేదు.

మా శాస్త్రిగారు ఇది విని చాలా సంతోషించారు. ఇది గుప్తదానం కిందికి వస్తుందమ్మా, సంకల్పం చెప్పుకుని చెయ్యండి, ఫలం రెట్టింపు అన్నారు. పెద్దాయన మీద గౌరవం ఉన్నా ఆ మాట ఒప్పుకోలేకపోయాను. శతపథం చెప్పిన ఆ నాలుగో బాకీలో, మూడు నెలలకు పడే ఈ కాస్త వడ్డీ ఏ మూలకు వస్తుంది? ఇంకా ఏమైనా చేయగలనా అన్నదే ఇప్పుడు నా ఆలోచన. పూలావిడ లాంటివాళ్లు మా మార్కెట్లో ఇంకా చాలామంది ఉన్నారు. నాతోపాటు రిటైరైన ఇద్దరు స్నేహితురాళ్లను అడిగాను. ఒకావిడ తన ఖాతా వడ్డీ కూడా ఇందులో కలుపుతానంది, రెండో ఆవిడ ఆలోచించుకుని చెబుతానంది.